పెద్దాయన వెళ్ళిపోయారు

అత్తయ్యకి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమమే. నా చేతిలో పడ్డవాళ్ళ సంగతే చెప్పలేను. హాస్టల్లో ఫోను వార్డెన్ బల్ల మీద ఉంటుంది. అక్కడ ఏడిస్తే అందరూ వింటారు, అందుకే ఈ ఉత్తరం.

ఆపరేషన్లయినవాళ్ళ వార్డులో నర్సుగా చేరిన దగ్గర్నుంచీ నా పై ప్రాణాలు పైనే పోతున్నాయి. సీసా మీద మందు పేరు చదువుతాను, రోగి పేరు చదువుతాను, మళ్ళీ సీసా చదువుతాను. ఈలోగా రోగి, "అమ్మా, జబ్బు దానంతటదే తగ్గిపోయేలా ఉంది, కానియ్" అంటాడు.

అందుకని నర్స్ ప్రాక్టీషనర్ కోర్సులో చేరిపోదామనుకుంటున్నాను. అది చదివితే రోగిని నేనే పరీక్షించి మందులు రాయొచ్చు. సూదులు ఇంకెవరో పొడుస్తారు. వార్డు అనుభవం లేకపోయినా చేర్చుకుంటామని కాలేజీవాళ్ళు అన్నారు. మా ఇన్‌చార్జి సిస్టర్‌ని అందరూ తుపాను అంటారు. ఆవిడ మాత్రం, "రెండేళ్ళయినా మంచాల మధ్య తిరగకుండా మందులు రాస్తావా?" అని విరుచుకుపడింది. నాన్న మీ మాటొక్కటే వింటారు. ఎలాగైనా ఒప్పించండి.

మీ పిచ్చుక

తా.క.: కిటికీ పక్క మంచం పెద్దాయన నిన్న వెళ్ళిపోయారు. వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని, "తల్లీ, నీ సూది ఈ జన్మకి మర్చిపోను" అన్నారు.

*

పిచ్చుకకి అత్తయ్య ఆశీస్సులు.

నీ తాజా కలం చదివి "అయ్యో" అన్నాను. ఆ టైములో నా పక్కన స్టీరింగు పట్టుకున్నది లాయరుగారు. ఆ కేకకి తిన్నగా వెళ్ళి మా డ్రైవింగ్ స్కూలు గేటునే గుద్దారు.

నువ్వు ధైర్యంగా ఉండు. నా దగ్గర కారు నేర్చుకునే ప్రతివాడూ నన్ను చంపబోయినవాడే. కాకపోతే వాళ్ళెవరూ పని పూర్తి చెయ్యలేదు.

లాయరుగారికి గేరు మార్చడం రాదు గానీ చట్టం బాగా తెలుసు. ఆ పెద్దాయన చావుకి నువ్వే కారణమని రుజువు చెయ్యడం కష్టమేనట. నువ్వు మాత్రం ఎక్కడా నోరు జారకు. కోర్సు మాట ఇప్పుడెత్తకు, పారిపోతున్నావంటారు. మీ నాన్నకి చెప్పాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మీ అత్తయ్య

తా.క.: పెద్దాయనకి కొడుకులున్నారా? మనుషులెలా ఉంటారు?

*

అత్తయ్యా, నమస్కారాలు.

పెద్దాయన చనిపోయారా? తన కాళ్ళ మీద నడిచి వెళ్ళారే! గేటు దగ్గర నాకు చెయ్యి కూడా ఊపారు. అయితే ఇంటికెళ్ళాక ప్రాణం పోయిందన్నమాట. లాయరు దాకా వెళ్ళిందంటే వాళ్ళు కేసు పెట్టే ఉంటారు.

ఏ మందిచ్చాను, ఎంతిచ్చాను అని రాత్రంతా తలుచుకుంటూనే ఉన్నాను. నోరు జారకన్నారని తుపానుని కూడా అడగలేదు. వాళ్ళిల్లు మా హాస్టల్ వెనక వీధే. రేపు నాకు సెలవు. వెళ్ళి వాళ్ళావిడ కాళ్ళ మీద పడతాను. ఆ తర్వాత ఉద్యోగం మానేస్తాను. ప్రాక్టీషనరూ వద్దు, నర్సూ వద్దు. మీ స్కూల్లో కార్లు కడిగే పనేదైనా ఉంటే చెప్పండి.

మీ పిచ్చుక

తా.క.: కొడుకులిద్దరు. గుమ్మంలో తల వంచి రావాలి, అంత పొడుగు.

*

పిచ్చి మొహమా, నీకేం పుట్టింది!

"వెళ్ళిపోయారు" అంటే పైకి వెళ్ళారనుకున్నాను. డిశ్చార్జి అయ్యారని ఏడవచ్చుగా! నాకెవరూ ఏమీ చెప్పలేదు, కేసూ లేదు, ఏమీ లేదు. వాళ్ళింటికి మాత్రం వెళ్ళకు. బతికున్న మనిషికి సంతాపం చెప్తే గుండాగి నిజంగానే పోగలడు.

అత్తయ్య

తా.క.: మీ నాన్న ఇటు తిరిగి పడుకున్నాడు.

*

అత్తయ్యకి నమస్కారాలు.

మీ కార్డు అందేసరికే వెళ్ళొచ్చాను.

తలుపు పెద్ద కొడుకు తీశాడు. లోపల కుర్చీలో పెద్దాయన! బతికే ఉన్నారు! గుమ్మంలోనే భోరుమన్నాను. "మనమంటే ఎంత ప్రేమో" అని వాళ్ళావిడా కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని, మళ్ళీ ఆయన పిక్కకి నూనె రాయడం మొదలుపెట్టింది. "నడక లేక పట్టేసిందమ్మా" అంది.

ఆ పిక్క రెండోదానికంటే లావుగా ఉంది. చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. అత్తయ్యా, ఆ వేడి నాకు తెలుసు. మొన్న వార్డులో తుపాను నా చెయ్యి లాగి ఇంకొకావిడ పిక్క మీద పెట్టింది. "లోపల రక్తం గడ్డకట్టింది. రుద్దితే కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అంది.

"రుద్దకండి!" అని అరిచాను. నూనె గిన్నె ఎగిరి పడింది. నేను భయపడ్డ ఆ కొడుకులిద్దరే ఆయన్ని కాలు కింద పెట్టనివ్వకుండా ఆస్పత్రికి ఎత్తుకొచ్చారు. స్కాన్‌లో గడ్డే అని తేలింది. మందులు మొదలెట్టారు, గండం గడిచింది.

కోర్సు ఎక్కడికీ పోదు. రెండేళ్ళు ఇక్కడే పనిచేసి అప్పుడు చదువుతాను. భయం తగ్గిందని కాదు. మీ కార్డు ముందే అందుంటే నేను ఆ గుమ్మం తొక్కేదాన్నే కాదు.

మీ పిచ్చుక

తా.క.: ఇవాళ వార్డులో కొత్త నర్సు ఒకమ్మాయి చేరింది. సిరంజి పట్టుకుని వచ్చి, "సీనియర్ గారూ, కొంచెం పక్కన నిలబడతారా?" అంది. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. వెళ్ళి నిలబడ్డాను.