మిష్రిఫ్ విల్లాలో హైస్కూలు

అబూ హలీఫా,
27 ఆగస్టు 1990

నా తిరుపాలూ,

ఎట్లా ఉన్నావే? ఇరాక్ సైనికులు కువైట్‌లోకి వచ్చి ఇరవై ఐదు రోజులైంది, నీ కబురే లేదు. నీళ్ల ట్యాంకరు నడిపే బాబ్జాన్ అన్న మిష్రిఫ్ వైపు పోతానంటే ఈ చీటీ ఇస్తున్నా.

నేను పాఠాలు చెప్పే బడిలో ఇప్పుడు సైనికులు మకాం పెట్టారు. పిల్లలు ఇళ్లల్లో తుపాకీ చప్పుళ్లు వింటూ కూర్చుంటే చూడలేకపోయాను. మా బిల్డింగు కింద కార్లు పెట్టే చోట హైస్కూలు తెరిచాను. ఫీజు లేదు, టీసీ అడగను, వయసు అడగను. నలభై ఒక్క మంది చేరారు. మన తెలుగువాళ్లు పద్నాలుగు, మలయాళీలు పదిహేడు, గోవా వాళ్లు ఆరుగురు, పక్క బిల్డింగు పాలస్తీనా పిల్లలు నలుగురు. అందరికంటే పెద్ద విద్యార్థి మన రాయచోటి తాపీమేస్త్రీ మహమ్మద్ గౌస్, ముప్పై నాలుగేళ్లు. ఇంగ్లీషులో మలయాళీ పిల్లలది పైచేయి. లెక్కల్లో మాత్రం గౌస్‌ను కొట్టేవాళ్లు లేరు.

నువ్వూ రావే. ఏడో తరగతి తర్వాత నిన్ను మానిపించినప్పుడు నా పక్క బెంచీ ఖాళీ అయింది. ఆ కోపం నాకింకా పోలేదు.

ప్రేమతో,
కళావతి

—

మిష్రిఫ్,
5 సెప్టెంబరు

ప్రియమైన కళకు తిరుపాలమ్మ రాసేది.

నేను బాగుండాను. మా ఇంటి యజమానురాలు, మామా వాళ్లు, ఎండాకాలం సెలవులకు లండన్ పోయి ఆడనే చిక్కుకున్నారు. మామా తల్లి, మేము పెద్ద మామా అంటాం, మంచం దిగలేదు. ఆమెకు నేను తప్ప దిక్కు లేదు. ఎట్లా వచ్చేది?

మొన్న సైనికులు గేటు తన్నినారు. పెద్ద మామా మంచంలో నుంచే, "మీ అమ్మ ఇట్ట పడుకోనుంటే తలుపు తంతారా?" అని అరబ్బీలో అరిచింది. ఒక పిల్ల సైనికుడు తల దించుకున్నాడు. అయినా టీవీ ఎత్తుకపోయినారు.

ట్యాంకరు వారానికి రెండు తూర్లు వస్తాది. పాఠాలు దాంట్లో పంపు. పక్క విల్లాల్లో పనిచేసే గురమ్మ, మస్తాన్ బీ కూడా ఇట్లే మిగిలిపోయినారు. ముగ్గురం చదువుకుంటాం. బీజగణితంలో ఎక్స్ అని ఒకటి ఉంటాదంటనే, అదేందో విడమరిచి రాయి.

నీ నేస్తం,
తిరుపాలమ్మ

—

అబూ హలీఫా,
2 అక్టోబరు

బంగారు తిరుపాలూ,

నీ లెక్కల జవాబు పత్రం దిద్ది, మార్కులు రెండుసార్లు కూడి చూశాను. డెబ్భై ఎనిమిది! గౌస్ కంటే రెండు ఎక్కువ. ఆయనకు చెబితే నోరు తెరుచుకుని, ఆ పత్రం అడిగి తీసుకుని చదివాడు. నేను ఇన్నేళ్లు బడిలో చెప్పిన ఏ పాఠానికీ ఇంత గర్వపడలేదు.

ఇంకో మాట చెప్పాలి. నలభై ఒక్కరిలో ఇరవై తొమ్మిది మంది బస్సులెక్కి, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ పోయి, అక్కణ్ణుంచి విమానంలో బొంబాయి చేరారు. మా ఆయన సుధాకర్‌కు షుగరు మందు అయిపోవచ్చింది. గురువారం బస్సుకు మేమూ పోతున్నాం. నీ పేరు కూడా రాయించాను. పెద్దామెను ఎవరికైనా అప్పగించు. మనది కాని ఇంటి కోసం ప్రాణం మీదికి తెచ్చుకోకు.

గౌస్‌తో పాటు మిగిలినవాళ్లూ వచ్చేస్తున్నారు. ఏడుగురు పిల్లలు మాత్రం ఆగిపోతున్నారు. కొట్లు వదిలి రామని వాళ్ల నాన్నలంటున్నారు. వాళ్ల చదువు ఇంతటితో ఖలాస్.

నీ కోసం బస్సు దగ్గర చూస్తుంటా.
కళ

—

మిష్రిఫ్,
3 అక్టోబరు

కళా,

నేను రాను. తిట్టుకుంటే తిట్టుకో.

ఆ ఏడుగురి నాన్నలు ఒప్పుకుంటే పిలకాయల్ని బాబ్జాన్ అన్నతో ఇటు పంపు. ఇక్కడ గదులకు కరువు లేదు. మూటల కొద్దీ బియ్యం ఉంది. సుద్దముక్కలు, హాజరు పట్టీ, పదో తరగతి దాకా పుస్తకాలు మరిచిపోవద్దు.

సుధాకర్ అన్నను జాగ్రత్తగా తీసుకుపో.

తిరుపాలమ్మ

—

రాయచోటి,
20 మే 1991

ప్రియమైన తిరుపాలూ,

ఇది నాలుగో ఉత్తరం. యుద్ధం ముగిసి మూడు నెలలు కావస్తోంది, నీ నుంచి ముక్క లేదు. పేపర్లో కువైట్ పేరు కనబడితే చివరి అక్షరం దాకా చదువుతా. ఆ ముసలామె నీ కాళ్లకు అడ్డం పడింది. అది చాలదని ఏడుగురు పిల్లల్నీ నీ నెత్తిన పెట్టి నేను బస్సెక్కాను. నీకేదన్నా అయితే నన్ను నేను క్షమించుకోలేను.

బతికున్నానని ఒక్క మాట రాయి తల్లీ.

నీ కళ

—

మిష్రిఫ్,
14 జూన్ 1991

ప్రాణం లాంటి కళకు,

నీ ఉత్తరాలు నాలుగూ నిన్న ఒకేసారి వచ్చినాయి. బతికే ఉండాను. ఏడుగురూ బతికుండారు.

పెద్ద మామా నన్ను ఆపిందని రాసినావు. ఆమె డిసెంబరు పదకొండునే పోయింది. ఇరుగుపొరుగు మగోళ్లు వచ్చి మట్టి చేసినారు. మూడో రోజు బాబ్జాన్ అన్న వచ్చి, "ఇంకా బస్సులు పోతాండాయమ్మా, యల్లా, పద, ఎక్కు" అన్నాడు. మూట కూడా కట్టుకుంటి. పొద్దున్నే పిలకాయలు పలకలు పట్టుకుని వరసగా కూచుని ఉండారు. అర్ధ సంవత్సరం పరీక్ష ఆ రోజే. మూట విప్పితి. నన్నెవరూ ఆపలేదు కళా, నేనే ఆగినా.

పక్క విల్లాల సింహళం పనిమనుషులు ఇద్దరు కూడా చేరినారు. పిల్లలు ఏడుగురు, పెద్దోళ్లు నలుగురు, మొత్తం పదకొండు. రేపటి పాఠం ఈ రోజు నేను నేర్చుకుని చెప్పేదాన్ని. బాంబులు పడే దినాల్లో మెట్ల కింద కూచుని చదివినాం. చమురు బావుల పొగకు మధ్యాహ్నమే దీపం పెట్టినాం. గురమ్మ పన్నెండో ఎక్కం దాటలేదు గానీ ఒక్క పూట కూడా మానలేదు.

పోయిన వారం ఒక ఇండియన్ బడిలో పరీక్ష పెట్టి పిల్లల్ని చేర్చుకుంటున్నారంటే ఏడుగురినీ తీసుకుపోతి. ఆరుగురికి పై తరగతి ఇచ్చినారు. ఒకడు ఇంగ్లీషులో తప్పినాడు. అది నా తప్పే, నా ఇంగ్లీషు నీకు తెలుసు కదా. హెడ్‌మాస్టరు మన హాజరు పట్టీ, మార్కుల పట్టీ ఒక్కో పేజీ తిప్పి చూసినాడు.

"ఈ సంతకం ఎవరిది?" అన్నాడు.

పిలకాయలు నా వైపు చూసినారు.

"ఇంతకు ముందు ఎక్కడ పనిచేశారమ్మా?"

"ఇంటిపని సార్. మిష్రిఫ్‌లో."

ఆయన లేచి, తన పక్కనున్న కుర్చీ నా ముందుకు జరిపి, నేను కూచునే దాకా నిలబడే ఉండాడు.

నేను కూచున్నా కళా.

ఎప్పటికీ నీ,
తిరుపాలమ్మ