నూటికి ముగ్గురు

చిరంజీవి నిఖిలకు,

తాండూరు నుంచి మీ మేనత్త రాస్తున్నది. మేమెలా ఉన్నామో నీ రిపోర్టులో నువ్వే రాశావు కాబట్టి, ఆ సంగతి నేను వేరే చెప్పను. నాపరాయి పాలిష్ చేసేవాళ్ళలో దగ్గేది నూటికి ముగ్గురేనట. అది చూసి మా గల్లీకి రావాల్సిన డాక్టర్ల క్యాంపు ఆపేశారు. సంతోషం.

ల్యాప్‌టాప్ పట్టుకుని ఇరవై యూనిట్లు తిరిగావు. మిషన్ల దగ్గర నిలబడ్డ నాలుగు వందల మందిని "దగ్గొస్తున్నదా?" అని అడిగావు. పక్కనే సేటు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నీ చదువుకో దండం తల్లీ!

దగ్గేవాణ్ణి ఏ సేటైనా మిషన్ దగ్గర ఉంచుతాడా? పోయిన దసరాకు మీ మామతో ఏమన్నాడో తెలుసా? "అంజిలయ్యా, నీ దగ్గు ఇని గిరాకులు వాపస్ పోతున్నరు. జర ఇంటికాడనే ఉండు." అప్పటి నుంచి ఆయన మంచం దిగలేదు. నువ్వొచ్చిన రోజు మా ఇంట్లోనే అన్నం తిన్నావు. లోపలి గదిలోంచి దగ్గు వినబడితే, "మామకు మంచి మందులు తెప్పియ్యి అత్తా" అన్నావు. లెక్కలో మాత్రం రాసుకోలేదు. నీ కాగితాల్లో ఆయన పనివాడు కాడు కదా.

మళ్ళీ రా. ఈసారి యూనిట్లకు కాదు, మా గల్లీలో గడప గడపకూ తిరుగు. కానీ జల్దీ రా. ఆలస్యం చేస్తే ఇక్కడ కూడా దగ్గేవాళ్ళు దొరకరు. అప్పుడు నీ లెక్క ఒప్పవుతుంది.

మీ అత్త