సప్పుడు లేని సొరుగులు

ఆదివారం, నల్లగొండ

బాపు పోయినప్పటి నుంచి అమ్మ మంచం కింద గోనెసంచిలోనే పడున్న ఆయన పనిముట్లకు వెనక షెడ్డులో సొరుగుల బీరువా చేశాను. ఇవాళ పూర్తయింది. ఊరందరికీ తలుపులు, పెట్టెలు చేసిన వడ్రంగికి తన ఉలి పెట్టుకునే జాగా లేదు. బతుకంతా ఆ సంచి సైకిలుకు తగిలించుకునే తిరిగాడు. ఇదెక్కడి న్యాయం? అందుకే టేకు కొన్నాను, ప్రతి సొరుగులో మెత్తటి గుడ్డ పరిచాను.

అమ్మ ఒక సొరుగు లాగి చూసింది. "సప్పుడేది బిడ్డా?"

"సప్పుడెందుకమ్మా? ఇది శ్రమకు గౌరవం."

"నీ మీటింగు మాటలు నాకాడ వద్దు. మీ బాపు మూల తిరుగంగనే గా సంచి గలగలమంటుండె. అది వినే నేను బువ్వ వడ్డిస్తుంటి. నా సంచి నాకియ్యి."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. నాకు రోషమొచ్చింది. ఇంత పనీ చేస్తే అవి మళ్లీ ఆమె మంచం కిందికే పోవాలా? కానీ ఆ గలగల నాకూ గుర్తే. అది వినపడితే ఆట వదిలి సైకిలుకు ఎదురు పరుగెత్తేవాళ్లం.

కింది సొరుగులో గుడ్డ తీసేశాను. బాడిస, ఉలులు, బర్మా అన్నీ కలిపి అందులో వేసి గట్టిగా లాగాను. పదును పోతే మళ్లీ నూరుకుంటాను.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది: "కాళ్లు కడుక్కోని రా, బువ్వ పెడుతున్న."

ఎవరిని పిలిచావని అడగలేదు. వెళ్లి కాళ్లు కడుక్కున్నాను.