ఉన్ని దారం ముడులు

హైదరాబాద్, ఏప్రిల్ 9

ప్రియమైన లలితా,

ఫోన్లో సగం మాట గాలికి పోతుంది. హాస్టల్ నాటి అలవాటుగా ఉత్తరమే రాస్తున్నాను. పోయిన వారం ఖిల్లా ఘణపూర్ గుట్ట కింద, నువ్వు గొర్రెలు మేపే బీడులో మూడు రోజులు తిరిగాను. నువ్వు వనపర్తి పెళ్లికి పోయావట. తీతువు పిట్ట నేల మీదే పెట్టే గుడ్లు గులకరాళ్లలో కలిసిపోయి కళ్లకు ఆనవు. ఇరవై తొమ్మిది గూళ్లు దొరికాయి. ఒక్కోదాని పక్కన గుర్తు పెట్టి వచ్చాను. ఆకాశం మీద పడకుండా తీతువు కాళ్లెత్తి పడుకుంటుందనేదానివి. ఆ గడ్డిలో వెల్లకిలా పడుకుంటే నాకూ కాళ్లెత్తాలనిపించింది.

ఆ బీడులో మొక్కలు నాటొద్దని ఎంత చెప్పినా మా పెద్ద శాస్త్రవేత్త రామచంద్రయ్య గారు కరగలేదు. "చెట్లు లేని నేల బంజరే కదమ్మా" అన్నారు. గడ్డి నేలను నమ్ముకున్న ప్రాణులు వేరే ఉంటాయన్నాను. "అయితే చూపించు" అన్నారు. ఇరవై ఎనిమిదిన కమిటీ వస్తుంది. గూళ్లు చూపించకపోతే కంచె వేసి మొక్కలు నాటుతారు. నీ మందకు మేత ఉండదు.

నీ అమూల్య

ఖిల్లా ఘణపూర్, ఏప్రిల్ 14

ప్రియమైన అమూల్యా,

నీ ఉత్తరం మందలోనే చదివాను. ఒక సంగతి. ఎవరో బీడంతా సున్నం పూసిన రాళ్లు పెట్టిపోయారు. మా నాయన చేనులో సర్వేవాళ్లు అలాంటివి పెట్టిన ఏడాదే చేను కాలువ కింద పోయింది. మా ఆయన మల్లన్న "జర ఆగు, అడిగి చూద్దం" అన్నాడు. "అడిగేలోపల కొలుస్తరు" అన్నాను. రెండు తట్టలకెత్తి పాడుబావిలో పడేశాను. ఇక నీ పిట్టలకు ఢోకా లేదు.

నీ లలిత

హైదరాబాద్, ఏప్రిల్ 19

లలితా,

ఆ రాళ్లు నావే. గూళ్ల గుర్తులు అవే.

ఫోన్లో గుర్తుపెట్టుకున్నా, అది చూపే చోటు పది అడుగులు అటూ ఇటూ అవుతుంది. కమిటీ వాళ్లంతా వెతుక్కుంటూ నడిస్తే గుడ్లు కాళ్ల కిందే పోతాయి. చూపించకపోతే బీడు పోతుంది. కోపం నీ మీద కాదు. రోజూ అక్కడ నడిచే మనిషిని అడగకుండా రాళ్లు పెట్టిన నా చదువు మీద.

అమూల్య

ఖిల్లా ఘణపూర్, ఏప్రిల్ 23

ప్రియమైన అమూల్యా,

నీ ఉత్తరం చూశాక తెలిసొచ్చింది. నా కడుపు నేనే కొట్టుకున్నాను. మల్లన్నే అన్నాడు, "పరేషాన్ గాకు. నీ నడుముకున్న దారం ఏంది మరి?"

మా అత్త ఈరమ్మ నేర్పిన పద్ధతి అది. మంద ముందు నడుస్తూ గుడ్లు కనబడితే, దారిలో వచ్చిన వరసలోనే, నడుముకున్న ఉన్ని దారానికి గూటికో ముడి వేస్తాం. మర్నాడు ముడులు తడుముకుంటూ ఒక్కో గూటి దగ్గర మందను పక్కకు తిప్పుతాం. "గుడ్డు తొక్కిన మంద ఎదగదు బిడ్డా" అనేది. గుడ్లు పగిలి పిల్లలు గూడు వదిలితే ముడి విప్పుతాం. ఇది మీ కమిటీకి పనికొచ్చే లెక్కని నాకెప్పుడూ తోచలేదు.

నిన్నటికి నలభై ఒక్క ముడులున్నాయి. పన్నెండు గూళ్లు నీ కంటపడలేదు. మీ సారును చెప్పులు విడిచి నా వెనకే నడవమను. ప్రతి ముడికీ ఆగి చూపిస్తాను.

ఈ పొద్దున రెండు గూళ్ల పిల్లలు వెళ్లిపోయాయి. కమిటీ వచ్చేదాకా ఆ ముడులు ఉంచుదామని చేయి ఆగింది. ఈరమ్మ గుర్తొచ్చి విప్పేశాను. ఇప్పుడు ముప్పై తొమ్మిది. నువ్వొచ్చేసరికి ఇంకా తగ్గొచ్చు, తొందరగా రా.

నీ లలిత