మట్టికి రమ్మన్న చీటీ

యాడికి, జులై 4

ప్రియమైన నాయనకు,

మేమంతా క్షేమం. ఈ ప్రార్థన గుడారంలో కాపురానికి చేరిన రోజే ఫోన్లు ఇచ్చేశాం, ఇక ఉత్తరాలే. రాసినవి ఇక్కడి పాస్టరు అయ్యగారు చదివి పోస్టుకు ఇస్తారు. అంజలికి మూర్ఛ మాత్రలు మాన్పించారు, ప్రార్థనే మందట. నిన్న రెండుసార్లు వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్లయినా ఓర్చుకుంటోంది. నీ అల్లుడు ఐజాక్ నాకంటే గట్టిగా నమ్ముతున్నాడు.

నీ కూతురు,
కృపాకుమారి

బత్తలపల్లె, జులై 9

నా తల్లి కృపకు,

నలభై ఏళ్ళుగా చర్చి గంట కొడుతున్నవాణ్ణి, నాకు ప్రార్థన నేర్పొద్దు. మాత్రలు మింగొద్దని దేవుడు ఏనాడూ చెప్పలేదు. ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ముప్పని డాక్టరు నీ ముందే అన్నాడు కదా! బిడ్డను తీసుకుని వెంటనే రా. మీ అయ్యగారు ఈ ముక్క చదివితే మరీ మంచిది, ఆయనకూ చెప్పినట్టే.

మీ నాయన,
బాలప్ప

యాడికి, జులై 15

ప్రియమైన నాయనకు,

నీ ఉత్తరం సభలో చదివారు. "మీ నాయనకు విశ్వాసం చాల్దమ్మా" అన్నారు అయ్యగారు. బతికున్నవాళ్ళను చూడ్డానికి బయటికి పంపరు. అయినవాళ్ళు పోతే మట్టి వేయడానికి మాత్రం ఇంటిల్లిపాదీ పోవచ్చు. ఇంత మంచి నియమం ఉందని నీకు తెలియాలని రాస్తున్నాను. అంజలి నిన్న పొయ్యి పక్కనే పడింది.

నీ కృప

బత్తలపల్లె, జులై 19

కృపకు,

మీ అవ్వ నల్లమ్మ ఈ ఉదయం కన్నుమూసింది. మునిమనవరాలు మట్టి వేయాలన్నదే చివరి కోరిక. డ్రైవరు ఓబిలేష్‌తో జీపు, ఈ చీటీ పంపుతున్నాను. ముగ్గురూ అందులోనే ఎక్కి రండి. మీరు వచ్చేదాకా పెట్టె ఎత్తం.

దుఃఖంతో,
నాయన

అనంతపురం ఆసుపత్రి, జులై 22

ప్రియమైన నాయనకు,

నువ్వు టీ తేవడానికి పోయావు కాబట్టి రాస్తున్నాను. ఎదురుగా చెప్పబోతే ఏడుపు వస్తోంది. మాత్రలు మొదలుపెట్టాక అంజలికి రెండు రోజులుగా మూర్ఛ రాలేదు. ఇందాకే టిఫినుకు ఉగ్గాణి కావాలని అలిగింది. నాయనా, ప్రాణం ఎంత హాయిగా ఉందో!

అవ్వ పోయి ఆరేళ్ళు. చీటీ చూడగానే, చచ్చిపోయిన తల్లిని నువ్వు మళ్ళీ చంపావని అర్థమైంది. ఏడుపూ నవ్వూ కలిసొచ్చి కొంగు నోట్లో కుక్కుకున్నాను. నా భయమంతా ఐజాక్ గురించే. ఆనాడు అవ్వ పెట్టె మోసిన నలుగురిలో అతనొకడు. ఒక్క మాట బయటపెడితే గేటు తెరవరు.

అయ్యగారు అతన్నే అడిగారు. "నిజంగానే పోయినాదా, ఐజాకూ?"

అతను అంజలి వైపు చూశాడు. "అవునయ్యా, పోయినాది. పెట్టె నేనే మోయల్ల" అన్నాడు.

ఇప్పుడు వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాడు. నీకు మొహం చూపించలేకపోతున్నాడు. నువ్వే పిలిచి మాట్లాడు నాయనా.

నీ కృప