నాడె గుంజినట్టు

అన్నా,

నువ్వు ఊపిరాడక పోయి యాడాదయితుంది. ఇప్పుడు నాకు గూడ కరోనా వచ్చి సూరత్ దవాఖానల ఉన్న. భయపడకు, తగ్గుతుంది.

ఇయ్యాల జరిగిన ముచ్చట నీకే చెప్పాలె. డాక్టర్ నాకు నోటితోని పీల్చే పంపు ఇచ్చిండు. స్టెరాయిడ్ మందట. గోలి లెక్క కడుపులకు పోకుండ సీదా ఊపిరితిత్తులల్లకు పోతదట. నువ్వుంటె దాన్ని ఇప్పి చూసెటోనివి. "కరోనాకు పనిచేస్తదా సార్?" అని అడిగిన. "గదే చూస్తున్నం" అన్నడు.

పంపు నొక్కి చప్పున పీల్చిన. నర్సమ్మ నవ్వి, "సాంచల మీద పనిచేస్తవా భాయి?" అన్నది. "నీకెట్ల తెలుసు?" అని అడిగిన. మగ్గం పనోళ్లందరు గిట్లనే, మగ్గంల అటు ఇటు ఉరికే నాడె కన్నంల నుంచి దారం పీల్చినట్టు ఒక్కసారే గుంజుతరట. గట్ల గుంజితె మందు గొంతుకే అంటుకుంటదట, లోపలికి పోదట. "ధీరే ధీరే" అనుకుంట, మెల్లగ పీల్చి దమ్ము పట్టుడు చూపెట్టింది. ఆమె చెప్పినట్టు చేసిన. నిజంగనే లోపలిదాక సల్లగ పోయింది.

నాడె పీల్చుడు ఇక్కడి బమ్రోలి సాంచల కార్ఖానల నాకు నేర్పింది నువ్వే. నాడెల కొత్త దారం కండె ఎక్కించి, కన్నానికి నోరు పెట్టి, ఒక్క గుంజుడుకు దారం తీస్తుంటివి. ఆయాసానికి నీకిచ్చిన పంపు గూడ గట్లనే గుంజుతుంటివి. "ఇండ్ల మందే లేదురా, ఉత్త గాలి" అని ఆరేండ్లు తిట్టినవ్.

అండ్ల మందు ఉండె, అన్నా.