దేనిలో పావు

మొరియోకా, జూన్ 12

అమ్మకు చిజురు రాసేది. ఒంట్లో బాగానే ఉంది, బుర్రే బాగాలేదు.

నిన్న మూడో తరగతికి భిన్నాలు మొదలుపెట్టాను. తలా రెండు మీటర్ల కాగితం టేపు ఇచ్చి, పావు మీటరు కత్తిరించమన్నాను. చాలామంది టేపును నాలుగు సమానమైన మడతలు పెట్టి ఒక మడత కత్తిరించారు. కొలిస్తే అర మీటరు. తప్పన్నాను. కొహారు అనే పిల్ల లేచి, "నాలుగు మడతల్లో ఒకటి పావు కాదా టీచర్?" అంది. పావే. మరి తప్పెలా అయింది?

వెనక కూర్చుని పాఠం చూసిన మా బడి పెద్ద మాస్టారు హిరాయమా తర్వాత పిలిచి, "నువ్వడిగింది మీటరులో పావు, వాళ్లు తీసింది టేపులో పావు. దేనిలో పావో ముందు నీకు తెలియాలి కదమ్మా" అన్నారు. తెలిసినట్టే ఉంటుంది, చెప్పబోతే జారిపోతుంది. గురువారం ఇదే పాఠం బడిలో మాస్టర్లందరి ముందూ చెప్పాలి.

ఊరేసిన ఉమే కాయలు అయిపోయాయి, పంపు. తమ్ముడి దగ్గు తగ్గిందా?

డాక్టరు చెప్పినట్టు సాకే సారా తాగడం సగానికి తగ్గించానని నాన్న రాశాడు. దేనిలో సగం? నేను వచ్చేటప్పుడు అలమరలో కొత్త కూజా కనిపించింది, పాతదానికి రెండింతలుంది. ఆయన ఏ కూజాలో సగం తాగుతున్నాడో చూసి రాయి.

పోస్టుకార్డు కదా, నీకంటే ముందు ఆయనే చదువుతాడు. చదవనీ.

నాన్నా, నమస్కారం.